కోఠీలో తల్లీకూతుళ్ల భోజనం

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం వారు అడిగారు. మన బడి చరిత్ర రాయడానికి నాకంటే పెద్దవాళ్లు, బాగా తెలిసిన సార్లు ఉన్నారు. అందుకని మన బడిలో చదివిన ఆడపిల్లలం చాలామందిమి తర్వాత వెళ్ళి చేరిన ఇంకో ఇంటి సంగతి రాస్తున్నాను. అదే హైదరాబాదులోని కోఠీ ఉమెన్స్ కాలేజీ.

ఇల్లు అని ఊరికే అనలేదు. కోఠీ అంటేనే పెద్ద ఇల్లు. ఆ బంగళా పేరే చుట్టుపక్కల వీధులకూ బస్ స్టాపుకూ వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైతే, దాని మహిళా కళాశాల 1924లో వచ్చింది. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, 1949లో, ఆ కళాశాలను బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి మార్చారు. నిజాం మీద ఒక కన్నేసి ఉంచడానికి కంపెనీ వాళ్లు పెట్టిన రెసిడెంటు దొర కొలువుతీరిన దర్బారు హాలు అది. 1857 జులైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ మనుషులను కూడగట్టుకుని దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. అలాంటి చోటుకు రెండు జడల పిల్లలు నోటు పుస్తకాలు పట్టుకుని వచ్చారు. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక్క వాక్యం కూడా ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. 2022లో అదే కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైంది, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

భవనం కట్టించింది జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. 1798 నుంచి 1805 దాకా ఆయన ఇక్కడ రెసిడెంటు. నమూనా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్, ఖర్చు నిజాముది. మొదట పెద్ద కాగితం మీద గీసిన ప్లాను చూపిస్తే నిజాం ఒప్పుకోలేదట, అదే ప్లానును చిన్న అట్టముక్క మీద గీసి తీసుకెళ్తే సంతోషంగా సరేనన్నాడట. మా లెక్చరర్లు ఈ కథ ప్రతి ఏడూ చెప్పేవారు, మేం ప్రతి ఏడూ నవ్వేవాళ్లం. ముందువైపు ఎత్తయిన స్తంభాలు, వెడల్పాటి మెట్లు, మెట్లకు రెండు పక్కలా సింహాలు. వెనక తోటలో అదే భవనానికి చిన్న బొమ్మలాంటి నమూనా ఉండేది. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా బేగం పరదాలో ఉండేది. ఆమె ముందువైపుకు వచ్చి భవనం చూడడానికి వీలులేదు కాబట్టి ఆయన ఆ బొమ్మ కట్టించి చూపించాడని చెప్పుకుంటారు. ఆమె ఉన్న రంగమహలును 19వ శతాబ్దంలోనే పడగొట్టారు.

1981లో నేను బీఏ ఆఖరి సంవత్సరం. ఆ ఏడు హాస్టల్ డేకి మా వార్డెన్ గారు ఒక కొత్త మాట అన్నారు. ఈసారి తల్లులను మాత్రమే పిలుద్దాం, రాత్రి భోజనం మనతో చేస్తారు అని. నల్లగొండ, మెదక్, కరీంనగర్ వైపు నుంచి తల్లులు బస్సుల్లో దిగారు. సకినాలు, గారెలు, మామిడికాయ తొక్కు మూటలు కట్టుకొచ్చారు. తోడొచ్చిన నాయినలంతా గేటు బయట హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నారు. మెస్సులో బగారా అన్నం, దాల్చా, గుత్తివంకాయ, డబుల్ కా మీఠా చేయించారు.

పళ్లేలు పెట్టగానే ఒక చిక్కు వచ్చింది. సగంమంది తల్లులు బల్లల దగ్గర నుంచి లేచి గరిటెల కోసం వెతకడం మొదలుపెట్టారు. మా అమ్మ అయితే నేరుగా వంటగదిలోకే పోయింది. "ఇవాళ మీరు కూర్చోవాలమ్మా, పిల్లలు వడ్డిస్తారు" అని వార్డెన్ గారు ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. మా అమ్మ ఇంట్లో అందరికంటే ముందు తినడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు కూడా నా కోసం ముద్ద పక్కన పెట్టుకునే తింది. మా గదిలో ఉండే అమ్మాయి తల్లి కూలి పని వదులుకుని రాలేకపోయింది. ఆ అమ్మాయి బకెట్టు పట్టుకుని చివరిదాకా అన్నం వడ్డించింది. మా అమ్మ ఆమెను పిలిచి మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టింది.

నన్ను పట్నం పంపేటప్పుడు మా ఇంట్లో గొడవ చిన్నది కాదు. హాస్టల్లో పెట్టిన ఆడపిల్ల మళ్లీ ఇంటి మొహం చూడదని మా పెద్దబాపు గట్టిగా అన్నాడు. అమ్మ తన వెండి కడియాలు కుదువ పెట్టి ఫీజు కట్టింది. భోజనాలయ్యాక ఆమెను తీసుకెళ్లి మెట్లు, సింహాలు చూపించి, బేగం కథ నాకు తెలిసినంత చెప్పాను.

"పిల్లలున్నరా ఆమెకు?" అంది అమ్మ.

"ఒక కొడుకు, ఒక బిడ్డ. చిన్నప్పుడే ఇంగ్లాండు పంపిన్రట."

"ఎవరు పంపిన్రు? తల్లి ఒప్పుకున్నదా?"

అది నాకు తెలియదన్నాను. "మల్ల కనపడ్డదా బిడ్డ?" అని అడిగింది. అదీ తెలియదన్నాను. కాసేపు ఆ సింహాల దిక్కు చూసి, "నిన్ను పంపింది నేను. నువ్వు రాకుంటె నన్నే అడగాలె అందరు" అంది.

ఆ ప్రశ్నలకు జవాబు ఇరవై ఏళ్ల తర్వాత దొరికింది. 2002లో వచ్చిన విలియం డాల్‌రింపుల్ పుస్తకం 'వైట్ మొఘల్స్' ఈ కుటుంబం కథే. కొడుకు సాహిబ్ ఆలం 1801లో, కూతురు సాహిబ్ బేగం 1802లో పుట్టారు. 1805లో తండ్రి వాళ్లను ఇంగ్లాండులో తన తండ్రి దగ్గరికి పంపాడు. పంపాలన్న నిర్ణయం తండ్రిది, తల్లిది కాదు. ఓడ ఎక్కే ముందు మద్రాసులో చిత్రకారుడు జార్జ్ చిన్నరీ ఆ ఇద్దరినీ నిలబెట్టి బొమ్మ వేశాడు. కూతురికి అప్పుడు మూడేళ్లు. అక్కడికి చేరాక బాప్తిస్మం ఇచ్చి కేథరీన్ అరోరా అని పేరు మార్చారు, అందరికీ కిట్టీ అయింది. అదే ఏడు అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. ఖైరున్నీసాకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. తర్వాత ఆమెను హైదరాబాదుకు రానివ్వని కాలమొకటి వచ్చింది. తల్లి షరఫున్నీసాతో కలిసి మచిలీపట్నంలో ఉండవలసి వచ్చింది. చివరికి హైదరాబాదు చేరి 1813లో కన్నుమూసింది. బిడ్డ మళ్లీ కనపడలేదు.

కోఠీ కథ చెప్పేవాళ్లందరూ దొర ప్రేమ దగ్గరే ఆగిపోతారు. నా మటుకు అసలు కథ అమ్మమ్మది. కూతురు పోయినా షరఫున్నీసా చాలాకాలం బతికింది. 1841లో, అంటే విడిపోయిన ముప్పై ఆరేళ్లకు, ఇంగ్లాండు నుంచి మనవరాలి జాడ ఆమెకు తెలిసింది. అప్పటికి కిట్టీకి పెళ్లయి పిల్లలున్నారు. చిన్నరీ వేసిన బొమ్మను అక్కడ ఒకరింట్లో చూసి ఆమె కన్నీళ్లు పెట్టుకుందట. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. మనవరాలు ఇంగ్లీషులో రాస్తే అమ్మమ్మ పారసీలో రాయించింది, మధ్యలో రెసిడెన్సీలోని ఒక అధికారి అనువదించాడు. అంటే ఆ ఉత్తరాలు వచ్చిందీ, విప్పిందీ మేం చదువుకున్న ఆ ఆవరణలోకే.

వెళ్లిపోయే రోజు అమ్మ ఎక్కడ కూర్చుందో, ఎలా ఏడ్చిందో తనకింకా గుర్తుందని కిట్టీ రాసింది. చిన్నప్పుడు ఉత్తరం రాయాలని ఎంతో అనిపించేదని, రాసినా దాన్ని ఆపేస్తారని తెలుసునని కూడా రాసింది. ఉత్తరాలు ఆరేళ్లపాటు నడిచాయి. 1847లో అమ్మమ్మ చనిపోయింది. కిట్టీ 1889 దాకా ఇంగ్లాండులోనే ఉంది, హైదరాబాదు మళ్లీ చూడలేదు.