లోహం-పింగాణీ బంధ బలం (దంత వైద్యం)

పన్నుకు తొడిగే సిరామిక్ క్యాపులో లోపలి లోహపు తొడుగునూ పైనున్న పింగాణీనీ విడిపోకుండా పట్టి ఉంచే శక్తి ఇది. విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల, గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలోని సిద్ధార్థ దంత కళాశాల వంటి చోట్ల బీడీఎస్ విద్యార్థులు దీన్ని కృత్రిమ దంతాల విభాగమైన ప్రోస్థోడాంటిక్స్‌లో చదువుతారు.

బంధానికి ప్రధాన ఆధారం లోహంపై ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర. నికెల్-క్రోమియం మిశ్రమంలో క్రోమియం, బంగారు మిశ్రమాల్లో తగరం, ఇండియం ఈ పొరనిస్తాయి. కొలిమిలో కరిగిన పింగాణీ దానితో రసాయనికంగా కలుస్తుంది. పొర మందమైతే మాత్రం అదే బలహీనమై పగులుతుంది. ల్యాబులో అసలు నైపుణ్యమంతా ఇక్కడే కనిపిస్తుంది. అల్యూమినా రేణువులతో లోహాన్ని గరుకు చేస్తే పింగాణీకి యాంత్రికమైన పట్టు కూడా దొరుకుతుంది.

చల్లారేటప్పుడు లోహం పింగాణీ కంటే కొద్దిగా ఎక్కువ కుంచించుకోవాలి. అప్పుడు పింగాణీ ఒత్తిడికి లోనై బలపడుతుంది. తేడా ఎక్కువైతే పగుళ్లు వస్తాయి. అయితే వేడికి మామూలు పింగాణీ వ్యాకోచం లోహం కంటే బాగా తక్కువ. ల్యూసైట్ అనే ఖనిజం చేర్చి దాన్ని పెంచడంతో 1960ల నుంచి ఈ క్యాపులు ఆచరణలోకి వచ్చాయి.

ఐఎస్ఓ 9693 ప్రమాణం ప్రకారం బంధ బలం కనీసం 25 మెగాపాస్కల్స్ ఉండాలి. పరీక్షకు 25 మి.మీ. పొడవు, 3 మి.మీ. వెడల్పు, అర మి.మీ. మందం గల లోహపు రేకు మధ్యలో 8 మి.మీ. మేర పింగాణీ కాల్చి, పింగాణీ ఊడే వరకు రేకును వంచుతారు. విరిగాక లోహంపై పింగాణీ మిగిలి ఉంటే బంధం గట్టిదని, లోహం నున్నగా బయటపడితే బంధమే తెగిందని గుర్తిస్తారు.