గుర్రాలలో కవల పిల్లలు

గుర్రం సాధారణంగా ఒక ఈతలో ఒకే పిల్లను ఈనే జంతువు. ఒకే చూడిలో రెండు పిండాలు ఏర్పడడాన్ని గుర్రాలలో కవల చూడి అంటారు. ఆడగుర్రం (గోడిగ) కడుపున రెండు పిండాలు పడడం అంత అరుదైన విషయం కాదు. అవి రెండూ నెలలు నిండి, ప్రాణంతో పుట్టి, పెరిగి పెద్దవి కావడమే అరుదు. మేకలలో, గొర్రెలలో కవలలు పుడితే పెంపకందారుకు లాభం. గుర్రాలను పెంచేవారికి మాత్రం కవల చూడి ఆందోళన కలిగించే వార్త. చాలా సందర్భాలలో రెండు పిల్లలూ దక్కవు, తల్లి ఆరోగ్యం కూడా దెబ్బతింటుంది.

ఏర్పడే విధానం

గుర్రాలలో కవలలు దాదాపు ఎల్లప్పుడూ రెండు వేర్వేరు అండాల నుండి ఏర్పడతాయి. ఒకే ఎదలో రెండు అండాలు విడుదలై రెండూ ఫలదీకరణం చెందితే కవల చూడి కడుతుంది. రెండు అండాలు ఒకే రోజు విడుదల కావాలన్న నియమం లేదు. మగగుర్రపు వీర్యకణాలు ఆడగుర్రం శరీరంలో రెండు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం సజీవంగా ఉండగలవు. కాబట్టి ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వచ్చిన రెండవ అండం కూడా అదే దాటుతో ఫలదీకరణం చెందగలదు.

ఈ లక్షణం అన్ని జాతులలో ఒకే విధంగా ఉండదు. పందేలకు పెంచే థారోబ్రెడ్ జాతిలోను, బరువులు లాగే పెద్ద జాతులలోను ఎక్కువగా, పోనీలలో చాలా తక్కువగా కనిపిస్తుంది. థారోబ్రెడ్లలో సుమారు 15 నుండి 25 శాతం ఎదలలో రెండు అండాలు విడుదల అవుతాయని అంచనా. ఒకసారి ఇలా జరిగిన గుర్రంలో మళ్ళీ మళ్ళీ జరిగే అవకాశం ఎక్కువ.

గర్భాశయంలో చోటు

కవలలు నిలవకపోవడానికి ముఖ్య కారణం గుర్రపు మావి నిర్మాణం. ఆవు మావి గర్భాశయానికి కొన్ని పదుల చోట్ల మాత్రమే గుండీల వలె అతుక్కొని ఉంటుంది. గుర్రంలో మావి గర్భాశయపు లోపలి గోడ అంతటా పరచుకొని, సన్నని నూలుపోగుల వంటి అంకురాలతో ప్రతి అంగుళం నుండీ ఆహారాన్ని గ్రహిస్తుంది. ఒక్క పిల్ల పూర్తిగా ఎదగడానికే గర్భాశయపు మొత్తం వైశాల్యం అవసరమవుతుంది. రెండు పిండాలు ఉన్నప్పుడు ఆ వైశాల్యాన్ని పంచుకోవలసి వస్తుంది. రెండు మావులు ఒకదానికొకటి ఆనుకొన్న చోట అంకురాలు పెరగవు. ఆ భాగం బోడిగా ఉండి ఎవరికీ పనికిరాకుండా పోతుంది.

తల్లి గర్భాశయం పిల్ల పరిమాణాన్ని ఎంతగా శాసిస్తుందో 1938లో ఆర్థర్ వాల్టన్, జాన్ హామండ్ అనే కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం చక్కగా చూపింది. వారు భారీకాయమైన షైర్ జాతిని, పొట్టిదైన షెట్లాండ్ పోనీని కృత్రిమ గర్భధారణ ద్వారా రెండు విధాలుగానూ సంకరం చేశారు. షైర్ తల్లికి పుట్టిన సంకర పిల్ల పెద్దదిగాను, షెట్లాండ్ తల్లికి పుట్టినది చిన్నదిగాను ఉన్నాయి. తల్లిదండ్రుల జాతులు రెండు సంకరాలలోనూ అవే. తేడా తల్లి కడుపులోని చోటుదే.

కవలల మావులు చోటును పంచుకొనే తీరును 1973లో లియో జెఫ్‌కాట్, కేథరిన్ విట్‌వెల్ ఇంగ్లండులోని థారోబ్రెడ్లపై చేసిన అధ్యయనం వివరించింది. సుమారు ఐదింట నాలుగు సందర్భాలలో ఒక పిండం గర్భాశయపు మధ్యభాగాన్ని, ఒక కొమ్మును ఆక్రమించుకోగా రెండవది మిగిలిన కొమ్ముతో సరిపెట్టుకొంది. ఇటువంటి చూడిలో చిన్న పిండం ఆహారం చాలక చనిపోతుంది. అది తొలి నెలలలోనే చనిపోయి ఎండిపోతే, పెద్దది ఒక్కోసారి నెలలు నిండి పుట్టగలదు. ఏడవ నెల దాటిన తరువాత చనిపోతే సాధారణంగా రెండూ ఈచుకుపోతాయి. రెండు పిండాలు చోటును సమానంగా పంచుకొన్న కొద్ది సందర్భాలలోనే రెండూ బతికే ఆశ ఉంటుంది. అప్పుడు కూడా రెండూ చిన్నవిగానే పుడతాయి. గుర్రాలలో బతికి బట్టకట్టిన కవల జంటలు ఎక్కువగా ఈ రకానికి చెందినవే.

బతికే అవకాశాలు

గుర్రాలలో కవలలు "పదివేలలో ఒకటి" అన్న అంకె పత్రికలలో తరచుగా కనబడుతుంది. అది పదివేల ఈతలలో ఒకటా, పదివేల కవల చూడులలో ఒకటా అన్నది ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా రాస్తారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది కనుక ఆ అంకెను చాలా అరుదు అన్న అర్థంలో తీసుకోవడమే మేలు. పైగా నేటి అరుదుతనంలో కొంత మనుషులు కల్పించినదే. పశువైద్యుల పర్యవేక్షణలో ఉన్న గుర్రాలలో కవల చూడిని తొలి వారాలలోనే గుర్తించి ఒక పిండాన్ని తొలగిస్తున్నారు.

పైన పేర్కొన్న 1973 అధ్యయనంలో సుమారు మూడింట రెండు వంతుల సందర్భాలలో రెండు పిల్లలూ చనిపోయాయి. రెండూ ప్రాణంతో పుట్టినవి ఏడింట ఒకటి మాత్రమే. ఆ రోజులలో థారోబ్రెడ్ల గర్భస్రావాలలో 20 నుండి 30 శాతం వరకు కవలల వల్లనే జరిగేవి. అల్ట్రాసౌండ్ పరీక్ష వాడుకలోకి వచ్చాక ఈ వాటా బాగా తగ్గిపోయింది.

ప్రాచీన ప్రస్తావనలు

ఆడగుర్రం సాధారణంగా ఒకే పిల్లను, అప్పుడప్పుడు మహా అయితే రెండింటిని ఈనుతుందని క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ రాశాడు. భారతీయ పురాణాలలో కవలలకు ప్రతీకలైన అశ్వినీ దేవతలు ఆడగుర్రం రూపంలో ఉన్న సంజ్ఞకు, గుర్రం రూపం ధరించిన సూర్యునికి జన్మించినవారు. వారి పేర్లు నాసత్యుడు, దస్రుడు. గుర్రం కడుపున కవలలు దక్కడం ఎంత అసాధారణమో తెలిస్తే ఈ జన్మకథ మరింత ఆసక్తికరంగా కనిపిస్తుంది.

గుర్తించడం, ఒక పిండాన్ని తొలగించడం

అల్ట్రాసౌండ్ లేని రోజులలో వైద్యులు మలద్వారం గుండా చేతితో తడిమి అండాశయాలను పరీక్షించేవారు. రెండు పెద్ద పుటికలు తగిలితే ఆ ఎదలో దాటించడం మానేసేవారు. దీనివల్ల విలువైన ఎదలు వృథా అయ్యేవి. గుర్రాలలో చూడిని అల్ట్రాసౌండ్ ద్వారా గుర్తించవచ్చునని 1980లో ఫ్రాన్సుకు చెందిన పామర్, డ్రియాంకూర్ ప్రకటించారు. దానితో పరిస్థితి మారిపోయింది.

గుర్రపు పిండం మొదటి రెండు వారాలు ఒకచోట నిలవదు. గుండ్రని నీటి బుడగ వలె గర్భాశయమంతా తిరుగుతూ ఉండి, 16వ రోజు ప్రాంతంలో ఒక కొమ్ము మొదట్లో స్థిరపడుతుంది. కాబట్టి 14 నుండి 16 రోజుల మధ్య పరీక్ష చేయడం ఉత్తమం. బుడగలు విడివిడిగా ఉన్నప్పుడు వైద్యుడు ఒకదానిని కొమ్ము చివరకు తోసి చేతితో నలిపివేస్తాడు. అనుభవజ్ఞుల చేతిలో ఇది పదింట తొమ్మిది సార్లకు పైగా సఫలమై రెండవ పిండం క్షేమంగా ఎదుగుతుంది. వయసు మళ్ళిన గుర్రాల గర్భాశయంలో నీటితిత్తులు కూడా బుడగల వలెనే కనిపిస్తాయి. పిండమైతే రోజు రోజుకూ పెరుగుతుంది, తిత్తి పెరగదు. అనుమానం ఉంటే మరుసటి రోజు మళ్ళీ చూస్తారు.

రెండు పిండాలూ ఒకే కొమ్ములో పక్కపక్కనే స్థిరపడితే ఒకటి తనంతట తానే నశించడం ఎక్కువ సందర్భాలలో జరుగుతుందని అమెరికా శాస్త్రవేత్త ఒ.జె. గింథర్ పరిశోధనలు తెలిపాయి. చెరొక కొమ్ములో స్థిరపడినవి మాత్రం అలా తగ్గవు.

ఇక్కడ గడువు చాలా ముఖ్యం. సుమారు 35 రోజుల తరువాత గర్భాశయంలో ఎండోమెట్రియల్ కప్పులు అనే కణజాలం ఏర్పడి హార్మోనును విడుదల చేస్తుంది. ఆ తరువాత రెండు పిండాలనూ పోగొట్టినా కప్పులు కరిగిపోయే దాకా, అంటే మూడు నాలుగు నెలల చూడి కాలం దాటే దాకా, గుర్రం సక్రమంగా ఎదకు రాదు. ఆ ఏటి ఋతువు పోయినట్లే. అందువల్ల తొలి పరీక్షలో తప్పిపోయిన కవలలను 30వ రోజు లోపు మరొకసారి వెదుకుతారు. అవసరమైతే ప్రోస్టాగ్లాండిన్ సూదిమందుతో మొత్తం చూడిని తీసివేసి మళ్ళీ దాటిస్తారు. నాలుగవ నెలలో ఒక పిండం గుండెలోకి పొటాషియం క్లోరైడ్ ఎక్కించే పద్ధతి వంటివి ఉన్నాయి గాని, వాటిలో రెండవ పిండం కూడా పోయే ప్రమాదం ఎక్కువ.

ఈత, పిల్లల సంరక్షణ

గుర్రపు చూడి కాలం సుమారు 11 నెలలు. ఏడెనిమిది నెలలకే పొదుగు దిగి పాలు కారడం మొదలైతే కవలలు ఉన్నాయేమో, ఒకటి చనిపోయిందేమో అని అనుమానించాలి. ఈత సమయంలో రెండు పిల్లల పొడవాటి కాళ్ళు చిక్కుకొని అడ్డం తిరగవచ్చు. ఈనిన మూడు గంటలలోపు మావి పడకపోతే వెంటనే వైద్యుని పిలవాలి. కుళ్ళిన మావి వల్ల గర్భాశయానికి చీము పట్టడమే కాక గిట్టలలోపల వాపు వచ్చి గుర్రం శాశ్వతంగా కుంటిది కావచ్చు.

కవల పిల్లల రెండింటి బరువు కలిపితే ఒంటరి పిల్ల బరువును కొద్దిగా మించుతుంది. నుదురు ఉబ్బి, చెవులు వాలి, వెంట్రుకలు పట్టువలె మెత్తగా ఉంటాయి. మోకాలిలోని చిన్న ఎముకలు పూర్తిగా గట్టిపడవు. అటువంటి పిల్లను ఎక్కువసేపు నిలబెడితే ఆ ఎముకలు నలిగి జన్మంతా కుంటుతుంది. గుర్రపు మావి గుండా రోగనిరోధక పదార్థాలు పిల్లకు చేరవు. పుట్టిన మొదటి కొన్ని గంటలలో ముర్రుపాలు తాగడమే దానికి ఆధారం. కవలలలో బలమైనది ముందుగా లేచి ముర్రుపాలన్నీ తాగివేస్తుంది. రెండవదానికి పిండి పట్టాలి, లేదా నిలవ ఉంచిన మరో గుర్రం ముర్రుపాలు పట్టాలి. తల్లి ఒక పిల్లను దగ్గరకు రానివ్వకపోవడం కూడా కద్దు. తొలి వారాలు గట్టెక్కిన కవలలు మామూలు గుర్రాలుగానే జీవిస్తాయి, కాకపోతే కొంచెం పొట్టిగా ఉండవచ్చు. ఆవులలో కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్య సాధారణంగా గొడ్డుపోతుంది. గుర్రాలలో ఈ సమస్య సాధారణంగా కనిపించదు.

ఏకరూప కవలలు

ఒకే అండం చీలి ఏర్పడే ఏకరూప కవలలు గుర్రాలలో సహజంగా మిక్కిలి అరుదు. 1984లో కేంబ్రిడ్జిలో అలెన్, పాషెన్ అనే శాస్త్రవేత్తలు తొలి దశలోని పిండం కణాలను వేరుచేసి వేర్వేరు ఆడగుర్రాల గర్భాశయాలలో ప్రవేశపెట్టి ఏకరూప కవలలను పుట్టించారు. ఈ కవలలు ఒకే కడుపును పంచుకోలేదు. చెరొక తల్లి కడుపులో ఒంటరి పిల్లల వలెనే పూర్తిగా ఎదిగి పుట్టాయి.