అడవినాభి: పేరులోనే విషం దాచుకున్న పువ్వు

ఈ ఎపిసోడ్‌లో ఒక పువ్వు కథ చెప్తాను. స్క్రీన్ మీద చూస్తున్నారు కదా, వానాకాలంలో కంచెల మీదకి, పొదల మీదకి పాకే తీగ ఇది. ఆరు రేకులూ వెనక్కి తిరిగి పైకి లేచి, అచ్చం మంటలాగే ఉంటుంది. మొదట్లో పసుపు, కొసల్లో ఎరుపు, రోజులు గడిచేకొద్దీ మొత్తం ఎరుపే. సంస్కృతంలో అగ్నిశిఖ అన్నారు. తెలుగులో అడవినాభి.

ఈ నాభికి బొడ్డుతో సంబంధం లేదు. వత్సనాభి అని హిమాలయాల వైపు పెరిగే భయంకరమైన విషపు దుంప ఒకటుంది. వైద్యం చేసేవాళ్ల భాషలో నాభి అంటే ఆ విషమే. మన అడవిలో దొరికే నాభి కాబట్టి ఇది అడవినాభి. నిజానికి ఈ రెండు మొక్కలకీ ఏ చుట్టరికమూ లేదు. పేరు పెట్టినవాళ్లు చుట్టరికం చూడలేదు, తింటే ఏమవుతుందో చూశారు. సంస్కృతంలోనే ఇంకో పేరు లాంగలి, అంటే నాగలి. భూమిలో ఉండే దుంప నాగలిలా వంకర తిరిగి ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆయుర్వేదం దీన్ని ఉపవిషాల లెక్కలో పెట్టింది.

ఇప్పుడు 1753కి రండి. స్వీడన్‌లో కూర్చుని లోకంలోని మొక్కలన్నిటికీ లాటిన్ పేర్లు పెడుతున్న లినేయస్ దీనికి గ్లోరియోసా సుపర్బా అని పెట్టాడు. వైభవం, అద్భుతం, అంతే! విషం ఊసే లేదు. నా మటుకు నాకు మనవాళ్లు పెట్టిన పేరే మెరుగు. దుంప తవ్వేవాడి ప్రాణం కాపాడేది ఆ పేరే కదా.

ఈ మొక్క అసలు వంశం సంగతి తేలడానికి మాత్రం యూరప్ చుట్టి రావాలి. అక్కడ కాల్చికం అనే ఇంకో మొక్క ఉంది. తీగ కాదు, జానెడు ఎత్తు. శరదృతువులో ఆకు అనేదే లేకుండా నేలలోంచి నేరుగా లేత ఊదారంగు పువ్వు పైకొస్తుంది. ఆకులూ కాయలూ తర్వాతి వసంతంలో వస్తాయి. కాయ అంటే బిడ్డ, పువ్వు అంటే తండ్రి అనుకుంటే, వసంతంలో కాయని, శరత్తులో పువ్వుని చూసేవాడికి బిడ్డే ముందు పుట్టినట్టు ఉంటుంది. అందుకే పాత మూలికా వైద్యులు దీన్ని లాటిన్‌లో 'తండ్రికంటే ముందు పుట్టిన కొడుకు' అని పిలిచేవాళ్లు. సరదా పేరే గానీ ప్రమాదమంతా అందులోనే ఉంది. ఏడాదిలో ఏ నెలలో చూసినా మీకు కనిపించేది సగం మొక్కే.

క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో డయోస్కోరిడీస్ అనే గ్రీకు వైద్యుడు మందుమొక్కల మీద పెద్ద గ్రంథం రాశాడు. కాల్చికాన్ని అందులో ఎందుకు చేర్చాడో ఆయనే చెప్పాడు. తినే దుంప అనుకుని జనం దీన్ని తినేస్తారేమోనని, దీని రుచి తెలియనివాళ్లని ఊరిస్తుందని. మందుల పుస్తకంలో 'ఇది మందు' అని కాకుండా 'దీన్ని గుర్తుపట్టండి, తినకండి' అని రాసిన పేజీ! రెండువేల ఏళ్ల నాటి హెచ్చరిక అది.

ఆరో శతాబ్దానికి ట్రాలెస్ ఊరి అలెగ్జాండర్ అనే వైద్యుడు ఈ జాతి దుంపనే గౌట్‌కి, అంటే బొటనవేలి దగ్గర కీలు వాచి నిప్పులా మండే జబ్బుకి, మందుగా వాడాడు. తర్వాత యునానీ వైద్యులు సురంజాన్ పేరుతో వాడారు. యూరప్‌లో మధ్యలో చాలాకాలం దీన్ని పక్కన పెట్టేశారు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో హుస్సోన్ అనే ఫ్రెంచ్ సైనికాధికారి గౌట్‌కి ఒక రహస్య మందునీళ్లు అమ్మాడు. అందులో ఏముందో చెప్పలేదు. ఇంగ్లండులో పెద్దపెద్దవాళ్లు కొనుక్కుని తాగారు. 1814లో జాన్ వాంట్ అనే వైద్యుడు అది కాల్చికమేనని బయటపెట్టాడు. 1820లో పెల్టియే, కావెంటూ దాని సారాన్ని విడదీశారు. మలేరియా మందు క్వినైన్‌ని విడదీసింది కూడా వీళ్లిద్దరే, అదే ఏడాది! ఆ సారానికి తర్వాత వచ్చిన పేరు కాల్చిసిన్.

ఇక్కడ కథ మళ్లీ మన కంచె దగ్గరికి వస్తుంది. 1915లో క్లూవర్, గ్రీన్, ట్యూటిన్ అనే ముగ్గురు రసాయన శాస్త్రవేత్తలు మన అడవినాభి దుంపని పరీక్షిస్తే, అందులోనూ కాల్చిసినే దొరికింది. ఒకటి యూరప్ పచ్చికలో పువ్వు, ఇంకొకటి ఉష్ణదేశాల తీగ. పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్లని ఎవరూ అనరు. చాలాకాలం రెండిటినీ లిల్లీల పెద్ద గుంపులో కలిపేశారు. తర్వాత విడిగా కాల్చికేసీ కుటుంబంలో పెట్టారు. ఈ చుట్టరికాన్ని డీఎన్‌ఏ పరీక్షలూ ఖాయం చేశాయి. రూపం దాచిన సంగతిని విషం ముందే చెప్పింది.

సరే, గుర్తుపట్టడం ఎలా? కాల్చికాన్ని ఇంగ్లీషులో ఆటమ్ క్రోకస్ అంటారు గానీ, క్రోకస్ అంటే కుంకుమపువ్వు జాతి, అది వేరే కుటుంబం. రెండూ శరత్తులోనే పూస్తాయి. పుప్పొడి మోసే కేసరాలు లెక్కపెట్టండి. కుంకుమపువ్వుకి మూడు, కాల్చికానికి ఆరు. వసంతంలో పువ్వు ఉండదు కాబట్టి లెక్కపెట్టడానికీ ఏమీ ఉండదు. యూరప్‌లో అడవి వెల్లుల్లి ఆకు అనుకుని కాల్చికం ఆకు వండుకుని చనిపోయినవాళ్లు ఈ కాలంలోనూ ఉన్నారు. వాసన చూస్తే తెలిసిపోతుంది అంటారు గానీ, నాలుగు వెల్లుల్లి ఆకులు కోశాక చేతికంతా అదే వాసన, ఇక ఏ ఆకు నలిపినా వెల్లుల్లే. ఆకు మొదలు చూడాలి. అడవి వెల్లుల్లిలో ప్రతి ఆకుకీ విడిగా కాడ ఉంటుంది. కాల్చికం ఆకులు కాడ లేకుండా ఒకే చోటి నుంచి గుత్తిగా వస్తాయి.

అడవినాభిని వానాకాలంలో గుర్తుపట్టడం తేలిక. ఆకు కొసే నులితీగగా మారి పక్క కొమ్మని చుట్టుకుంటుంది. పువ్వు మధ్యలోని కీలం ఒక పక్కకి దాదాపు లంబకోణంలో వంగి ఉంటుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. కష్టమంతా ఎండాకాలంలో. తీగ ఎండి రాలిపోతుంది, దుంప మాత్రం భూమిలో బతికే ఉంటుంది, మళ్లీ వాన పడితే మొలుస్తుంది. అప్పుడు తవ్వినవాడికి దొరికేది ఒట్టి దుంప. శ్రీలంకలో చిలగడదుంప అనుకుని ఉడకబెట్టుకుని తిన్నవాళ్ల కేసుల్ని అక్కడి డాక్టర్లు రాసి పెట్టారు. ఉడికించినా కాల్చిసిన్ పోదు.

ఫోన్ యాప్‌తో మొక్కలు గుర్తుపట్టే అలవాటు మీలో చాలామందికి ఉంటుంది, నాకూ ఉంది. పువ్వు ఫోటో పెడితే యాప్ ఠక్కున చెప్తుంది. మట్టి దుంప ఫోటోకి కూడా అది ఏదో ఒక పేరు చెప్తుంది, అక్కడే భయం. తినడానికి మాత్రం ఆ జవాబుని నమ్మకండి.

గౌట్‌కి ఇచ్చే కాల్చిసిన్ మాత్ర అర మిల్లీగ్రాము. అంత కొంచెంతో పని చేస్తుంది. తమిళనాడులో రైతులు ఈ తీగని విత్తనాల కోసం తోటలుగా పెంచుతారు, ఆ విత్తనాల నుంచి కాల్చిసిన్ తీస్తారు. ఆ రాష్ట్రానికి ఇదే రాష్ట్ర పుష్పం కూడా.

ఎవరైనా ఈ దుంప తిన్నారని తెలిస్తే, బాగానే ఉన్నారు కదా అని ఆగొద్దు. వాంతులు, విరేచనాలు కొన్ని గంటల తర్వాత గానీ మొదలవవు. శరీరంలో కణాలు విడిపోయి పెరగడాన్నే ఇది ఆపేస్తుంది, సులువుగా దొరికే విరుగుడు లేదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి, మిగిలిన దుంప ముక్కని కూడా పట్టుకెళ్లి డాక్టరుకి చూపించండి.

వచ్చే ఎపిసోడ్‌లో సురంజాన్ గురించి. కాశ్మీర్‌లో మంచు కరిగే చోట పసుపురంగులో పూసే కాల్చికం అది.