1956: హైదరాబాద్ ఫుట్‌బాల్ శిఖరానికి చేరిన ఏడాది

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెల తర్వాత, హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ సెమీఫైనల్‌కు చేరింది. ఆసియా నుంచి అంత దూరం వెళ్లిన తొలి జట్టు అదే. ఆ ఏడాది క్రీడల్లో ముఖ్య ఘట్టాలివి.

ఫుట్‌బాల్

మెల్‌బోర్న్‌లో హంగరీ తప్పుకోవడంతో భారత్ నేరుగా క్వార్టర్‌ఫైనల్‌కు వెళ్లింది. డిసెంబర్ 1న ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ సాధించాడు. సెమీస్‌లో యుగోస్లావియాపై తొలి గోల్ భారత్‌దే అయినా చివరకు 1-4తో ఓడింది. కాంస్య పోరులో బల్గేరియా 3-0తో గెలవడంతో నాలుగో స్థానం దక్కింది. 1952 హెల్సింకీలో ఇదే యుగోస్లావియా చేతిలో భారత్ 1-10తో చిత్తయింది. నాలుగేళ్లలో రహీమ్ తెచ్చిన మార్పును ఈ రెండు స్కోర్లే చెబుతాయి.

అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ తదితర హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్‌కు అప్పటికి 20 ఏళ్లు. 1956-57 సీజన్‌లోనే హైదరాబాద్ తొలిసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది.

క్రికెట్

జనవరిలో మద్రాసు టెస్టులో న్యూజిలాండ్‌పై వినూ మన్కడ్ (231), పంకజ్ రాయ్ (173) తొలి వికెట్‌కు 413 పరుగులు జోడించారు. ఈ ప్రపంచ రికార్డు 2008 దాకా చెక్కుచెదరలేదు. జులైలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇంగ్లండ్ స్పిన్నర్ జిమ్ లేకర్ ఆస్ట్రేలియాపై 90 పరుగులకు 19 వికెట్లు తీశాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మర్నాడు మొదలైన కలకత్తా టెస్టులో హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ ఆస్ట్రేలియాపై ఒకే ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7 వికెట్లు పడగొట్టాడు. మ్యాచ్ మాత్రం భారత్ ఓడింది.

హాకీ

మెల్‌బోర్న్ ఫైనల్లో పాకిస్థాన్‌ను 1-0తో ఓడించి భారత్ వరుసగా ఆరో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. టోర్నీలో మొత్తం 38 గోల్స్ కొట్టి, ఒక్కటీ ఇవ్వలేదు.

ఆ తర్వాత

రహీమ్ శిక్షణలోనే భారత్ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచినా, హైదరాబాద్ ఫుట్‌బాల్ ప్రాభవం క్రమంగా తగ్గిపోయింది. 1960 రోమ్ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టలేదు. 1956 నాటి నాలుగో స్థానమే ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో నేటికీ మన అత్యుత్తమ ఫలితం.