దిశా యాంటెన్నాలు, డిష్ ఫీడ్‌ల సొంత తయారీ: తెలుగునాట చరిత్ర

రేడియో తరంగాలను నలుదిక్కులా చల్లకుండా ఒకే వైపు పంపేది, ఆ వైపు నుంచే అందుకునేది దిశా యాంటెన్నా. ఇళ్లలో తయారైనవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది అల్యూమినియం కమ్మీల యాగీ. చేపముల్లులా ఉండే ఈ యాంటెన్నా దూరదర్శన్ రోజుల్లో రాయలసీమ మిద్దెల మీద వెదురు గడకు కట్టి కనిపించేది. రెండోది పారాబోలా ఆకారపు డిష్. డిష్ అద్దం లాంటిది. అది ఒకచోటికి చేర్చిన తరంగాలను పట్టుకునే భాగం ఫీడ్.

1888లో జర్మనీ శాస్త్రవేత్త హెర్ట్జ్ జింకు రేకును పారాబోలాగా వంచి ప్రయోగాలు చేశాడు. 1890లలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్ తరంగాలకు హార్న్ యాంటెన్నాలు వాడాడు. 1926లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో ఉదా, యాగీ తమ కమ్మీల యాంటెన్నాను వెల్లడించారు. పని ఎక్కువగా ఉదాది, పేరు ఎక్కువగా యాగీది. 1937లో అమెరికాలో గ్రోట్ రెబర్ తన పెరట్లోనే 31 అడుగుల డిష్ కట్టుకుని ఆకాశాన్ని విన్నాడు.

తెలుగు పల్లెలకు డిష్ వచ్చింది శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్‌తో. దీన్ని పొడి అక్షరాల్లో ‘సైట్’ అనేవారు. 1969లో నాసాతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని 35 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదికి జరిపారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. రోజుకు నాలుగు గంటల ప్రసారం, నాలుగు భాషల్లో తెలుగు ఒకటి. టీవీ సెట్లను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసింది.

ఇందులో మెచ్చుకోదగ్గది డిష్. కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప జాలీతో 10 అడుగుల వెడల్పున దాన్ని చేశారు. ప్రసారం 860 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే అల పొడవు 35 సెంటీమీటర్లు. జాలీ కన్ను అందులో పదో వంతుకు మించకపోతే తరంగానికి అది నిండు రేకుతో సమానం. గాలి మాత్రం దూరి పోతుంది, బరువు తక్కువ, ఖర్చు తక్కువ. ఆ కొలత డిష్ చూపు సుమారు 8 డిగ్రీల వెడల్పు ఉంటుంది కాబట్టి చేత్తో తిప్పి గురి కుదర్చవచ్చు. శ్రీలంకలో రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ఇంట్లో కూడా ఇస్రో ఇంజనీర్లు ఈ ప్రసారాలు అందుకునే డిష్ అమర్చారు.

1983లో ఇన్‌శాట్-1బీ ఉపగ్రహం, 1991లో స్టార్ టీవీ వచ్చాయి. కేబుల్ ఆపరేటర్ల మిద్దెలకు పెద్ద సీ-బ్యాండ్ డిష్‌లు ఎక్కాయి. 4 గిగాహెర్ట్జ్ దగ్గర అల 7.5 సెంటీమీటర్లే, డిష్ వంపులో అర సెంటీమీటరు తేడా వచ్చినా బొమ్మ మీద చుక్కలు పడేవి. వెల్డింగ్ చేసేవారి పనితనం బయటపడేది ఇక్కడే.

రాయలసీమలో యాగీకి దక్కిన గొప్ప గౌరవం తిరుపతి సమీపంలోని గాదంకి రాడార్. 1990ల మొదట్లో పనిలోకి వచ్చిన ఈ 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ (వాతావరణ పొరలను పరిశీలించే) రాడార్‌లో 1,024 జతల మూడు కమ్మీల యాగీలు 32 వరుసల్లో నిలబడి ఉన్నాయి. ఒక్కటీ కదలదు, విద్యుత్తు అందే దశను మార్చి చూపు తిప్పుతారు.

అభిరుచి రేడియో వారికి 1983లో హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మోసుకెళ్లిన అభిరుచి రేడియో ఉపగ్రహం హామ్‌శాట్‌కు 435 మెగాహెర్ట్జ్‌లో మాట పంపి, 145లో వినేవారు. కొలత టేపు ముక్కలను పీవీసీ పైపుకు బిగించి చేసిన యాగీ చేతబట్టుకున్నా సరిపోయేది. 2014 జూలైలో హామ్‌శాట్ మూగబోయింది.

మొదట్లో యాంటెన్నా కొలతలు పుస్తకం పట్టికల నుంచి వచ్చేవి. ఆ తర్వాత కంప్యూటర్లో ముందే పరీక్షించే అలవాటు వచ్చింది. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో పుట్టిన ఎన్‌ఈసీ ప్రోగ్రాం తీగను చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కలో ప్రవాహాన్ని లెక్కిస్తుంది. దాని మీద కట్టిన 4ఎన్‌ఈసీ2ను ఉచితంగా వాడుకోవచ్చు. అయితే గడ కూడా, పక్కనున్న నీళ్ల ట్యాంకు కూడా యాంటెన్నాలో భాగమేనని ఆ ప్రోగ్రాంకు మనం చెప్పకపోతే తెలియదు.

డిష్‌కు లెక్క సులువు: వ్యాసం వర్గాన్ని లోతుకు 16 రెట్లతో భాగిస్తే ఫోకస్ దూరం. వ్యాసం 305, నడిమి లోతు 48 సెంటీమీటర్లయితే ఫోకస్ సుమారు 121 సెంటీమీటర్లు. ఫీడ్ చూపు డిష్ అంచు దగ్గర నడిమికన్నా 10 డెసిబెల్స్ తగ్గాలి. అంతకన్నా విశాలమైతే శక్తి అంచు దాటి చిందిపోతుంది, ఇరుకైతే డిష్ అంచులు వృథా.

2018 నవంబరులో ప్రయోగించిన ఖతార్ ఉపగ్రహం ఎస్‌హైల్-2లో అభిరుచి రేడియో పరికరం ఉంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో పంపి 10.489లో వినాలి. పంపేటప్పుడు తరంగం కుడివైపు మెలి తిరగాలి. డిష్‌కు తగిలితే మెలిక తారుమారవుతుంది కాబట్టి ఫీడ్ తీగను ఎడమవైపు చుట్టాలి. మొదటిసారి తయారుచేసేవారు పొరపాటు పడేది ఇక్కడే. పంపడానికి లైసెన్సు కావాలి. వినడానికి పాత డీటీహెచ్ డిష్, దాని ముందు బిగించే ఎల్‌ఎన్‌బీ, కంప్యూటర్‌కు తగిలించే చిన్న రిసీవర్ చాలు. రాయలసీమలోని చాపాడు నుంచి చూస్తే ఆ ఉపగ్రహం పడమరకు కాస్త దక్షిణంగా, దిగంతం మీద సుమారు 28 డిగ్రీల ఎత్తులో ఉంటుంది.