అక్షరాల గుండ్రదనం కొత్తది కాదు

అప్పాజీ అంబరీష దర్భా గీసిన లక్కిరెడ్డి అనే తెలుగు ఫాంటును సిలికానాంధ్ర సంస్థ 2013లో స్వేచ్ఛా లైసెన్సుతో అందించింది. ఆ బొద్దు అక్షరాలను చూసి కంప్యూటరు తెచ్చిన సరదా అనుకుంటాం. కానీ క్రీ.శ. 575 నాటి కలమళ్ళ శాసనం నుంచి తాడిపత్రి ఆలయాలు లేచిన విజయనగర కాలం దాకా మన లిపి కోణాలు వదిలి వంపులు తిరుగుతూనే వచ్చింది. ఎందుకంటే తాటాకుపై గంటంతో ఈనె వెంబడి గీస్తే ఆకు చీలుతుంది, వంపే క్షేమం. మరి రాతికి ఆ భయం లేదు కదా అనవచ్చు. నిజమే, అయితే ఆకుమీద కుదిరిన చేతివాటమే రాతికీ ఎక్కిందనుకోవడం సబబు. ఇక లక్కిరెడ్డి లాంటి అక్షరాలతో పుస్తకం చదవలేమన్న ఆక్షేపణా సరైనదే. ఇవి శీర్షికలకు, పోస్టర్లకు, శుభలేఖలకు పుట్టినవి. అచ్చుదిమ్మలు సాపుచేసిన చేతి ఒడుపుకు అక్కడే చోటుంది.