మన ఖైరతాబాద్ చరిత్రకు ఆధారాలెక్కడ?

చరిత్ర అనగానే మనకు గోల్కొండ కోట, చార్మినార్ గుర్తుకు వస్తాయి. మనం ఇల్లు కట్టుకుని, పిల్లలను చదివించుకుని, పింఛను తీసుకుంటున్న పేటకు కూడా చరిత్ర ఉంటుందని తోచదు. ఖైరతాబాద్ చరిత్ర రాయదలచిన వారికి ఆధారాలకు కొదవ లేదు. కాకపోతే అవి ఒక్కచోట లేవు.

మొదటి ఆధారం మన కళ్లెదుటే ఉన్న పాత మసీదు. ఇది 1626 నాటిది. సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా కుమార్తె ఖైరున్నీసా బేగం తన గురువు అఖుంద్ ముల్లా అబ్దుల్ మాలిక్ కోసం కట్టించినట్లు చెబుతారు. పక్కనున్న సమాధి కూడా ఆయన కోసమేనట. ఆయన మక్కాలో కన్నుమూయడంతో అది ఖాళీగా మిగిలిందంటారు. అయితే పేటకు పేరు ఈమె వల్ల వచ్చిందా, హుస్సేన్ సాగర్ నిర్మాత హుస్సేన్ షా వలీ భార్య, ఇబ్రహీం కుతుబ్ షా కుమార్తె అయిన మరో ఖైరున్నీసా వల్ల వచ్చిందా అన్నదానిపై రెండు కథనాలున్నాయి. ఆధారాలు వెదకవలసిన అవసరం ఇక్కడే తెలుస్తుంది.

రెండవది పటాలు. 1908 మూసీ వరదల తర్వాతి సంవత్సరాలలో లెనార్డ్ మన్ పర్యవేక్షణలో నగరానికి సవివరమైన మునిసిపల్ సర్వే పటాలు తయారయ్యాయి. అప్పటి వీధులు, కట్టడాలు, బావులు ఎక్కడెక్కడ ఉండేవో వాటిలో చూడవచ్చు.

మూడవది కాగితాలు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దఫ్తరాలున్నాయి. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలై, ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న కేంద్ర గ్రంథాలయంలో పాత పుస్తకాలు, పత్రికలు లభిస్తాయి. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వాన ప్రారంభమైన గోలకొండ పత్రిక ఆ కాలపు జనజీవితాన్ని తెలుసుకోవడానికి పెన్నిధి.

కాగితం విలువ ఎంతటిదో ఇర్రంమంజిల్ ఉదంతం చెబుతుంది. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఆ భవనంలో దశాబ్దాలపాటు ప్రభుత్వ కార్యాలయాలు నడిచాయి. దాని స్థలంలో కొత్త శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసింది. వారసత్వ కట్టడాల జాబితాలో దాని పేరు ఉండడం ఆ వాదనలలో ముఖ్యాంశమైంది. జాబితాకెక్కని కట్టడాల పక్షాన మాట్లాడేదెవరు?

ఇక ఏ దఫ్తరంలోనూ దొరకనిది నాలుగవ ఆధారం, మన జ్ఞాపకం. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన ఖైరతాబాద్ గణపతి 2024 నాటికి 70 అడుగులకు పెరిగాడు. నిమజ్జనం నాడు లక్షల మంది చూస్తారు. కానీ తొలినాళ్ల పందిరి ఎలా ఉండేది, చందాలు ఎలా పోగయ్యేవి అన్నవి చూసినవారే చెప్పాలి. ఏ వీధిలో బియ్యం దుకాణముండేది, ఏ బావి నీళ్లు తియ్యన, ఇంటద్దె ఎంత అన్నవీ అంతే. అలా చెప్పగలిగినవారు ఏటా తగ్గిపోతున్నారు. వారు పోయాక ఇల్లు సర్దుతూ పిల్లలు పాత డైరీలు, అద్దె రసీదులు, గ్రూపు ఫోటోలు తూకానికి వేస్తున్నారు.

కాబట్టి సభ్యమిత్రులకు, వారి కుటుంబ సభ్యులకు ఒక మనవి. పాత ఫోటో వెనుక పేర్లు, చోటు, సంవత్సరం పెన్సిలుతో రాయండి. మీరు చూసిన ఖైరతాబాద్ గురించి రెండు పుటలు రాయండి. చేయి వణికేవారు చెబుతుంటే మనుమడో, మనుమరాలో రాసిపెట్టాలి. విన్నది విన్నట్లుగా, చూసినది చూసినట్లుగా వేరువేరుగా రాస్తే చాలు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరెవరి ఫైళ్లో భద్రపరిచాం. ఇప్పుడు మన పేట ఫైలు తెరవడం మన వంతు.